కొత్త రాళ్లు, పాత బియ్యం

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే గిరిధర్‌కు రోజూ రెండు పనులు తప్పవు: పొద్దున్నే మిల్లుకు పోవడం, మధ్యాహ్నం పప్పులో ఉప్పు తక్కువైందనడం. ఆ శనివారం మూడో పని పెట్టుకున్నాడు. హైదరాబాదులో చదివే కూతురు వాసవి మరునాడు వస్తోంది. ఆమె ప్రాణమంతా ముందుగదిలోని ఉప్పునీటి అక్వేరియంలో, అందులోని చారల చేపల జంట మీదే. మేత తప్ప ఏమీ వేయనని తండ్రి దగ్గర మాట తీసుకునే హాస్టల్‌కు పోయింది. అయినా బిడ్డ మురిసిపోవాలని ఆయన సముద్రపు రాళ్లు తెప్పించాడు. రేవులో బియ్యం దించి ఖాళీగా వచ్చే లారీలో, టార్పాలిన్ కింద, మండే ఎండలో వచ్చాయవి.

వచ్చినవన్నీ ఒక్కసారే పేర్చాడు. తెల్లారేసరికి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. ఫిల్టరుకు మురికి పట్టిందనుకుని, దాని స్పాంజిని బోరు నీళ్లతో తళతళలాడేదాకా కడిగాడు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలేమో అనుకుని భార్య అన్నపూర్ణ గుప్పెడు మేత వేసింది. ఎవరి మేలు వాళ్లు రహస్యంగానే చేశారు. కాసేపటికి ముందుగది ముక్కు మూసుకునేలా తయారైంది.

చేపలు పక్కకు ఒరుగుతుండడం చూసి గిరిధర్ పెరట్లోకి ఉరికాడు. వాసవి ముందే కలిపిపెట్టిన ఉప్పునీళ్లు అక్కడ డ్రమ్ములో ఉన్నాయి. వాటిని వంటింటి బిందెతో మోసి స్టీలు గంగాళం నింపి, గాలి గొట్టం పెట్టి, చేపలను అందులోకి మార్చాడు. గంగాళాన్ని స్టోరురూములో దాచి, అక్వేరియం మీద దుప్పటి కప్పి, స్టేషన్‌కు పరుగెత్తాడు. బిందెలో మిగిలిన నీళ్లు పొయ్యి పక్కనే ఉండిపోయాయి. పూజ ముగించుకుని వచ్చిన అన్నపూర్ణ ఆ నీళ్లతోనే పప్పు వండింది. భర్త సణుగుడు గుర్తొచ్చి ఉప్పు కాస్త ఎక్కువే వేసింది.

దుప్పటి ఎందుకని వాసవి వస్తూనే అడిగింది.

"చేపలు పండుకున్నయి బిడ్డా. ముందుగాల అన్నం తిను," అన్నాడు గిరిధర్.

ఆమె పప్పన్నం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పులో కలిసిన సముద్రపు చేదు తెలిసి ఆగిపోయింది.

"నాన్నా, నా డ్రమ్ముల నీళ్లు ఎందుకు తీసినవ్?"

ఇక దాచేందుకేమీ లేక గిరిధర్ జరిగిందంతా చెప్పేశాడు. వాసవి స్టోరురూముకు పరుగెత్తింది. గంగాళంలో రెండు చేపలూ ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. అప్పుడామెకు నవ్వు ఆగలేదు, ఆయనకు కన్నీళ్లు ఆగలేదు. రాళ్ల మీది జీవం ఎండకు చచ్చి నీళ్లలో కుళ్లిందనీ, ఆ కుళ్లును తినే కంటికి కనిపించని జీవులను ఆయనే స్పాంజి నుంచి కడిగేశాడనీ ఆమె విడమరిచి చెప్పింది. తాను వేసిన గుప్పెడు మేత సంగతి అన్నపూర్ణ తనంతట తానే ఒప్పుకుంది.

"కొత్త బియ్యం మాగకముందే వండితే ముద్దయితదని ఊరందరికి చెప్తవు. మరి రాళ్లను జర మాగనియ్యొద్దా నాన్నా?"

గిరిధర్ విస్తరి ముందు కూర్చుని, ఆ పప్పునే మారు వడ్డించుకుని తిన్నాడు.