దారిలో పోయిన ప్యాకెట్లు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నెట్ పోయింది. ఆ రోజుకి అది నాలుగోసారి. నలభై సెకన్ల తర్వాత దానంతటదే వచ్చింది. ఆ నలభై సెకన్లూ అమ్మాయి నడిపే సైనికురాలు తెర మీద గోడకి ముఖం పెట్టి నిలబడిపోయింది. అవతలి జట్టువాళ్లు తీరిగ్గా వచ్చి, కాల్చి, వెళ్లిపోయారు.

హెడ్‌ఫోన్లో కెప్టెన్ అన్నాడు: "నువ్వు బాగానే ఆడతావు. నీ నెట్టే ఆడదు. నాలుగింటికి ఫైనల్. అందులో ఒక్కసారి పోయినా నీ చోట్లో ఇంకొకరిని దింపుతాను. ఏమీ అనుకోకు."

ఆ ఫైనల్ కోసం ఆమె ఎనిమిది నెలలుగా ఆడుతోంది.

తల తిప్పి చూస్తే గుమ్మంలో బాబాయి. చేతిలో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు.

"కంగారుపడకు తల్లీ. కేసు నేను తీసుకున్నాను. ఇలాంటి బుర్ర వందేళ్లకొకటి పుడుతుంది. నేరస్తుడి దురదృష్టం, అది ఈ ఇంట్లోనే పుట్టింది."

"కేసేంటి బాబాయ్? నెట్ పోయింది, అంతే."

"పోయిందని నువ్వంటున్నావు. పంపించేశారని నేనంటున్నాను."

బాబాయి ముప్పై రెండేళ్లు పార్సిల్ ఆఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాడు. డిటెక్టివ్ అయి ఏడాదైంది. ఇంతవరకూ చేపట్టిన కేసులు రెండు. రెండిట్లోనూ పోయింది ఆయన కళ్లజోడే. రెండుసార్లూ దొరికింది పిన్నికే.

ఆయన హాల్లోకి వెళ్లి తన ఆలోచన కుర్చీలో కూర్చున్నాడు. అది గోడ పక్కన వేసి ఉండే చెక్క కుర్చీ. ముందు కాళ్లు గాల్లోకి లేపి వెనక్కి వాలితేగానీ ఆయనకి ఆలోచన రాదు.

మూడింటికి కేబులాయన వచ్చాడు. హాల్లో టీవీ పక్కనున్న రూటర్ చూశాడు. అమ్మాయి గదిలోకొచ్చి పీసీలో నాలుగు నిమిషాలు పరీక్ష పెట్టాడు.

"రూటర్ బాగానే ఉందమ్మా. ప్యాకెట్లు పోతున్నాయి. వందకి ముప్పై."

హాల్లో కుర్చీ ముందు కాళ్లు టక్కున నేలకి తగిలాయి. మరుక్షణం బాబాయి గదిలో ఉన్నాడు.

"ముప్పై ప్యాకెట్లా? ఎక్కడ పోతున్నాయి? బయల్దేరేచోటా, దారిలోనా?"

"దారిలోనేనండీ."

"చేరాల్సింది ఎవరికి?"

"సర్వర్‌కి."

బాబాయి రాసుకున్నాడు. "ఏ హోటల్లో చేస్తాడు?"

కేబులాయన అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి నేల వైపు చూసింది.

"అది మనిషి కాదండీ."

"తెలుస్తూనే ఉంది. వందకి ముప్పై మింగేవాడు మనిషెలా అవుతాడు? మా కౌంటర్లో ముప్పై రెండేళ్లలో ఒక్క ప్యాకెట్ పోలేదు."

"బాబాయ్, ఈ ప్యాకెట్లంటే నెట్‌లో వెళ్లే డేటా ముక్కలు. కంటికి కనపడవు."

"కనపడకపోబట్టే కదమ్మా, పోయాయంటున్నాం."

ఇల్లంతా సోదా జరిగింది. మంచం కింద, బీరువా వెనక, పిన్ని చీరల మధ్య వెతికితే సబ్బు ప్యాకెట్లు మూడు, అగరుబత్తుల ప్యాకెట్ ఒకటి దొరికాయి. నాలుగింటికీ సొంతదారు పిన్నే. బాబాయి వంటింట్లోకి నడిచాడు.

"రెండూ పదికి నువ్వెక్కడున్నావు?"

"మీరు తిన్న కంచం కడుగుతున్నాను. మీరేమో ఆ కుర్చీలో ఊగుతున్నారు. తువ్వాలు ఇలా ఇవ్వండి."

తువ్వాలు ఇచ్చాడు. నోటుబుక్కులో ఒక పేరు కొట్టేశాడు.

మూడూ నలభైకి కేబులాయన సంచి భుజానికి తగిలించుకున్నాడు. "స్తంభం దగ్గర చూడాలమ్మా. రేపొస్తాను."

"నాలుగింటికే నా ఆట," అంది అమ్మాయి.

బాబాయి వీధి తలుపు గడియ పెట్టాడు. "ఎవరూ కదలడానికి వీల్లేదు. ఈ ఇంట్లో నలుగురం ఉన్నాం. దొంగ ఆ నలుగురిలోనే ఉన్నాడు."

"నన్ను తీసేశారుగా," అంది పిన్ని.

"ముగ్గురిలో ఉన్నాడు."

ఆయన ఆలోచన కుర్చీలో కూర్చుని, ముందు కాళ్లు లేపి, కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు ఆ పేరు బయటపెడతాను."

"మళ్లీ పోయింది," అని గదిలోంచి అమ్మాయి అరిచింది.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. కుర్చీ వెనక్కి జారింది. గోడ, బాబాయి, నోటుబుక్కు, ఆ వరసలో కిందకొచ్చాయి. గోడ నుంచి వచ్చింది సున్నం పెచ్చు.

"వచ్చింది," అంది గదిలోంచి అమ్మాయి.

ఆయన్ని లేపడానికి వంగిన కేబులాయన లేపకుండా అలాగే ఉండిపోయాడు. రూటర్ నుంచి గోడ వెంబడి అమ్మాయి గదిలోకి వెళ్లే తీగ, కుర్చీ వెనక కాలు ఆనేచోట అప్పడంలా నలిగి ఉంది.

"అయ్యగారూ, మీరు ఆలోచిస్తే నెట్ పోతోందండీ."

"నేననుకున్నాను," అన్నాడు బాబాయి నేల మీద నుంచే. "నేరస్తుడి కాళ్లు ఈ గదిలోనే ఉన్నాయని."

"నాలుగున్నాయి. లేవండి," అంది పిన్ని.

కేబులాయన నలిగిన ముక్క కత్తిరించి, కొత్త తీగ అతికించాడు. అప్పుడు మూడూ యాభై ఎనిమిది. బాబాయి కుర్చీని గోడకి దూరంగా లాక్కున్నాడు.

"కూర్చోకండి," అంది పిన్ని.

"ఇక్కడ తీగ లేదుగా."

"అయినా సరే."

ఫైనల్ నాలుగింటికి మొదలై నాలుగూ యాభై రెండుకి ముగిసింది. నెట్ ఒక్కసారి కూడా పోలేదు. అమ్మాయి జట్టు గెలిచింది. ఆ యాభై రెండు నిమిషాలూ బాబాయి నిలబడే ఉన్నాడు.