చీమ తలకాయంత అక్షరాలకు ఒక వందనం

తినుబండారాల డబ్బాల వెనక చీమ తలకాయంత అక్షరాలు ముద్రించే కంపెనీలకు మనం పిలిచి మరీ సన్మానం చెయ్యాలి!

నవ్వకండి. నేను నిజంగానే అంటున్నాను. సూపర్ మార్కెట్లో పొద్దుటి సీరియల్ డబ్బాల వరస చూసే ఉంటారు. పాలు పోసుకుని తినే రేకులు, ఉండలు, చక్రాలు, చుక్కలు. వాటి ముందువైపు అక్షరాలు అరచేయంత ఉంటాయి. 'శక్తి' అని, 'గుండెకు నేస్తం' అని. లోపల ఏమేం కలిపారో చెప్పే అక్షరాలు మాత్రం వెనకవైపు, మడత దగ్గర, సిగ్గుపడుతున్నట్టు ఒదిగి కూర్చుంటాయి. వాటిని చూసి లోకులు విసుక్కుంటారు. కావాలనే దాచారని పెడర్థాలు తీస్తారు.

పాపం కదండీ! ఆ అక్షరాలే లేకపోతే మా బావ ఏమైపోయేవాడు?

మా బావ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అర మైలు అవతల వస్తున్న లారీ నంబరు చదువుతాడు, ఆ లారీ డ్రైవరు రాత్రి నిద్రపోయాడో లేదో కూడా చెబుతాడు. అలాంటి మనిషి రక్తపరీక్ష కాగితం చూసి, ఒకరోజు డిపో డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. డాక్టరు కళ్ళజోడు తీశాడంటే మన పని అయిపోయిందన్నమాటే.

"మూడు నెలలు టైమిస్తున్నా. షుగర్ సగటు ఏడుకి దిగాలి. అది దిగకపోతే స్టీరింగ్ మీంచి నువ్వు దిగాలి" అన్నాడు.

దిగి ఎక్కడికి వెళ్ళాలి? గొడుగుల గదికి. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన గొడుగులన్నీ డిపోలో ఒక గదిలో పెడతారు. దానికి ఒక కుర్చీ, ఒక కిటికీ. రోజుకి ఒకరో ఇద్దరో వస్తారు, వాళ్ళ గొడుగు మాత్రం అక్కడ ఉండదు. ఇదివరకు అలా దిగిన ఒక డ్రైవరు, ఏడాది తిరక్కుండా గొడుగులకు పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టాడట. ఆ గది తలుపు ముందునుంచి నడవాల్సి వస్తే బావ ఇప్పటికీ తల తిప్పుకుంటాడు.

"క్యాంటీన్లో ఆ నూనెలో ఈదినవి మానేసి, పొద్దున ఏదైనా మంచి సీరియల్ తిను" అన్నాడు డాక్టరు.

ఏదైనా! ఎంత తేలిక మాట!

మొదటిసారి బావ ఒక్కడే వెళ్ళాడు. నిమిషంలో తెచ్చేశాడు. డబ్బా మీద ఎర్రటి గుండె, దాని పక్కన చెమట పట్టకుండా పరిగెడుతున్న ఒక మనిషి.

"చూడవే, ఎలా పరిగెడుతున్నాడో! షుగర్ ఉన్నవాడైతే ఇలా పరిగెత్తగలడా?" అని మా అక్కకు చూపించాడు.

నెల రోజులు రోజూ పొద్దున్నే గిన్నెడు తిన్నాడు. గిన్నె అంటే మా ఇంట్లో పిండి కలిపే గిన్నె. "ఆరోగ్యం ఇంత తియ్యగా ఉంటుందని తెలిస్తే ఇరవై ఏళ్ళ కిందటే ఆరోగ్యంగా ఉండేవాణ్ణి" అని చెంచా నాకాడు. నెలాఖరున వేలు గుచ్చి ఇంట్లో మిషన్లో చూసుకుంటే, అంకె దిగలేదు సరికదా, రెండు మెట్లెక్కి కూర్చుంది.

అక్క డబ్బా వెనక్కి తిప్పింది. "ఏమండీ, ఇక్కడేదో రాసుంది."

"అదా? డిజైను" అన్నాడు బావ.

చూశారా ఆ అక్షరాల మహిమ! దగ్గరి అక్షరాలు బావకు ఆనడం లేదని అప్పుడు బయటపడింది. డిపోలో తెలిస్తే కళ్ళకు కూడా పరీక్ష పెడతారని ఇంట్లో సైతం చెప్పకుండా దాచుకున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో అక్క కనిపెట్టలేని రహస్యాన్ని ఒక సీరియల్ డబ్బా క్షణంలో కనిపెట్టింది. ఇలాంటి సేవకు వేరేచోటైతే ఫీజు తీసుకుంటారు!

ఆ ఆదివారం ముగ్గురం కలిసి సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. నువ్వే చదివి చెప్పొచ్చు కదా అని మీరు నన్నడగవచ్చు. నేనూ అదే అన్నాను.

"వద్దు మరదలా. మోసపోయింది నేను. నేనే చదువుతా" అన్నాడు బావ.

చదవాలంటే ఆయనకు డబ్బా నాలుగడుగుల దూరంలో ఉండాలి. దేవుడు అంత పొడుగు చేతులివ్వలేదు. కాబట్టి డబ్బా నేను పట్టుకున్నాను. ఒక్క అడుగు దగ్గరైతే అక్షరాలు అలుక్కుపోతాయి, ఒక్క అడుగు దూరమైతే మాయమైపోతాయి.

"వెనక్కి పోనీ... పోనీ... పోనీ... కొంచెం రైటుకి... హోల్డాన్!"

ఇరవై రెండేళ్ళుగా కండక్టర్లు తనను వెనక్కి నడిపించిన కసంతా బావ నా మీద తీర్చుకున్నాడు. నా వీపు కెచప్ సీసాల వరసకు ఆనబోతుంటే అక్క వెనక నిలబడి బెల్లు కొట్టినట్టు నా భుజం తట్టింది.

బావ ముందుగా తను తిన్న ఆ ఎర్ర గుండె డబ్బానే చదవడం మొదలుపెట్టాడు. ఎక్కువ కలిపిన సరుకు పేరు ముందు, తక్కువ కలిపినది తర్వాత రాస్తారని అక్క ఎక్కడో విని వచ్చింది. బావకది రూటు పట్టికలా అర్థమైంది.

"మొదటి స్టాపు ఓట్స్. బాగుంది. రెండోది చక్కెర. ఊఁ. మూడోది గ్లూకోజ్ సిరప్. నాలుగు, తేనె. ఐదు, మాల్టో... మాల్టోడెక్స్... ఈయనెవరు?"

నేను ఫోనులో వెతికాను. "షుగర్‌కి వేలువిడిచిన మేనమామ, బావా."

బావ ముఖం కందగడ్డ అయింది. "అంటే టికెట్ లేని ఒక్క మనిషే చొక్కాలు మార్చుకుని నాలుగు స్టాపుల్లో ఎక్కాడన్నమాట! నా బస్సులో అయితేనా..."

"మీ బస్సులోనే అండీ, నెల్లాళ్ళుగా తిరుగుతున్నాడు" అంది అక్క.

ఇక లెక్కల సంగతి. డబ్బా వెనక 'ఒక వడ్డనకు' తొమ్మిది గ్రాముల చక్కెర అని రాశారు. చూస్తే అంకె చిన్నదే. వడ్డన అంటే ఎంత? ముప్పై గ్రాములు! అక్క కూరగాయల తూకం దగ్గరికెళ్ళి పచ్చిమిరపకాయలు వేసి చూసింది. పది కాయలకే ముల్లు ముప్పై దాటింది. ఆ పరిగెత్తే మనిషి ఇంతే తిని పరిగెడితే వీధి మలుపులో కళ్ళు తిరిగి పడిపోతాడు. మా గిన్నెలో అలాంటి వడ్డనలు ఐదు పట్టేవని తేలింది. బడిలో ఎక్కాల దగ్గర ఆగిపోయిన మా బావ, సూపర్ మార్కెట్లో నిలబడి ఐదు తొమ్మిదులు నలభై ఐదు అన్నాడు. ఏ మాస్టారు చెయ్యగలిగాడీ పని?

నాలుగు ఆదివారాలు ఇదే వరస. ఇదివరకు సెలవురోజు ముగ్గురం మూడు గదుల్లో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఒకే డబ్బా చుట్టూ ముగ్గురం. వంగడం, లేవడం, వెనక్కి నడవడం. వ్యాయామానికి వ్యాయామం! మీరే చెప్పండి, అక్షరాలు పెద్దగా ఉండి ఉంటే ఈ భాగ్యమంతా మాకు దక్కేదా?

పైగా జనం పోగయ్యారు. మూడో ఆదివారం, గుండె ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన చేతికర్రతో మెల్లగా వచ్చి ఒక డబ్బా నా చేతికిచ్చాడు. బావవైపు తిరిగి, "బాబూ, ఇది ఎక్కొచ్చా?" అన్నాడు.

"పోనీ... పోనీ... హోల్డాన్. దిగిపోండి పెద్దయ్యా. రెండో స్టాపులోనే ఉన్నాడు."

కవల పిల్లల తల్లి ఇంకో డబ్బా తెచ్చింది. "పిల్లలదండీ, మీద విటమిన్లని రాసుంది."

"విటమిన్లు ఎక్కారమ్మా, చివరి స్టాపులో. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు."

అప్పుడు టై కట్టుకున్న మేనేజరు వచ్చాడు. "సార్, మీరు కొనడానికొచ్చారా, చదవడానికొచ్చారా? దారికి అడ్డంగా ఉంది."

"చదవకూడదా? మరి ముద్రించారెందుకు?" అన్నాడు బావ.

"ముద్రించాలని రూలుంది సార్. చదవాలని రూలు లేదు" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

ఇంతలో పెద్దాయన చేతికర్ర జారి కింద పడింది. తీసివ్వడానికి బావ వంగాడు. అలా వంగినప్పుడే అన్నిటికన్నా కింది అరలో, గోడవైపు, దుమ్ము పట్టిన ఒక మట్టిరంగు ప్యాకెట్ కనిపించింది. దాని మీద గుండె లేదు, పరిగెత్తేవాడు లేడు. వెనక్కి తిప్పితే ఒకే ఒక్క మాట: ఓట్స్.

బావకు నమ్మకం కుదరలేదు. నాచేత తలకిందులుగా కూడా తిప్పించి చూశాడు. "ఒక్క స్టాపేనా?"

"నాన్‌స్టాప్ బావా!"

ఆ రోజు మేము రెండు కొన్నాం. పెద్దాయన రెండు, కవలల తల్లి నాలుగు. మరుసటి ఆదివారం ఇంకెవరెవరో వచ్చి అదే అడిగి తీసుకెళ్ళారు. రుచి సంగతి అడక్కండి. "నానబెట్టిన అట్టముక్కలా ఉంది" అని బావ మొదటిరోజే తేల్చేశాడు. అయినా రోజూ కళ్ళు మూసుకుని తిన్నాడు. గొడుగుల గదిలో కూర్చోవడం కంటే అట్టముక్క నయం కదా!

గడువు నాటికి సగటు ఆరు పాయింటు తొమ్మిదికి దిగింది. డాక్టరు కళ్ళజోడు తియ్యలేదు. ఫిట్ అని రాసి, "ఏం తింటున్నావో అదే తిను. మార్చకు. మూడు నెలలకు మళ్ళీ చూస్తా" అన్నాడు. బావ తిన్నగా డిపోలోకొచ్చి తన బస్సు ముందు చక్రం మీద ఒక్క చరుపు చరిచాడు. మా అక్క కళ్ళు తుడుచుకుంది.

ఇంత మేలు చేసిన చిన్న అక్షరాలను ఇంకా తిడతారా మీరు?

ఆ వారమే ప్యాకెట్ తెద్దామని వెళ్ళాం. కింది అర ఖాళీ! సరుకు సర్దుతున్న అమ్మాయిని అడిగితే ముఖం చింకి చాటంత చేసుకుని చెప్పింది.

"దానికి ప్రమోషన్ వచ్చిందండీ! ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోనిది, ఈ మధ్య తెగ అమ్ముడుపోయింది. కంపెనీవాళ్ళు సంతోషించి ఇంకా బాగుచేశారు. అదుగో, పైన!"

సరిగ్గా కళ్ళకెదురుగా ఉండే అరలో నిలబడి ఉంది. పేరు అదే. కొత్తగా నిగనిగలాడే డబ్బా, దాని మీద ఉదయిస్తున్న సూర్యుడు. నేను డబ్బా పట్టుకుని వెనక్కి నడిచాను. బావ ఈసారి పోనీ అనలేదు. తలెత్తి చదువుతూ పోయాడు. పదకొండు స్టాపులున్నాయి. రెండోదాంట్లో పాత మిత్రుడే ఎక్కాడు.

"పాతవి ఒక్కటైనా లేవా అమ్మా?" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆ అమ్మాయి గోడౌన్‌కి వెళ్ళి మూడు ప్యాకెట్లు వెతికి తెచ్చింది. గడువు తేదీ దాటి వారమైంది. కంప్యూటరు బిల్లు వెయ్యనంది. ఆ షాపు మొత్తం మీద చిన్న అక్షరాలను శ్రద్ధగా చదివేది ఆ కంప్యూటరు ఒక్కటే!

తప్పు ఎవరిది? మాది. కంపెనీని అనడానికేం లేదు. మేము నోరు మూసుకుని కొనుక్కుని ఉంటే ఆ ప్యాకెట్ అరలో అలాగే దుమ్ము కొట్టుకుపోతూ, మంచిగా ఉండేది. పైకి చదివి, పదిమందికి చెప్పి, దాన్ని చెడగొట్టాం. అందుకే కంపెనీలకు నా మనవి: అక్షరాలు ఇంకా చిన్నవి చెయ్యండి. దుమ్ము రేణువంత చెయ్యండి. మేము చదవలేకపోతేనే మీరు మంచి సరుకును మంచిగా ఉండనిస్తారు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం.  డిపో గొడుగులన్నీ బావ కళ్ళముందు వరసగా విచ్చుకుంటున్నాయని నాకర్థమైంది. ఉన్నట్టుండి తలెత్తి, రోడ్డు అవతలికి చూసి, గట్టిగా చదివాడు.

"ఓట్స్. పొట్టు తీసి నలగ్గొట్టినవి. ఇంకేమీ కలపలేదు. గుర్రాలకు."

నా సాయం లేకుండానే! అది దాణా కొట్టు. గుమ్మంలో బస్తాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో అక్షరం అరచేయంత ఉంది. ముందువైపూ అదే, వెనకవైపూ అదే. బస్తా మీద పరిగెత్తే గుర్రం బొమ్మ కూడా లేదు. దాన్ని చూసి మురిసిపోయే గుర్రం ఉండదు కాబోలు.

ఆ బస్తా పుణ్యమా అని బావ రెండో పరీక్ష కూడా గట్టెక్కాడు. ఇప్పటికీ స్టీరింగ్ మీదే ఉన్నాడు. కానీ ఆ రోజు కొట్టాయన అన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు.

బస్తా తూస్తూ, "ఎన్ని గుర్రాలండీ?" అని అడిగాడాయన.

"ఒక్కటే. పొద్దున్నే ఐదింటికి డ్యూటీ ఎక్కుతుంది" అంది అక్క.

"పని చేసే గుర్రమా? అయితే జాగ్రత్తమ్మా. తీపి మాత్రం పెట్టకండి. కాళ్ళు పోతాయి. అందుకే మేము దాణాలో ఏం కలిపామో ఇంతింత అక్షరాలతో రాస్తాం. పాపం, నోరు లేని జీవాలు, వాటికి చదువు రాదు కదా!"

"మరి మనుషులకో?" అన్నాడు బావ.

కొట్టాయన రోడ్డు అవతల మెరిసిపోతున్న సూపర్ మార్కెట్ వైపు ఒకసారి చూశాడు.

"వాళ్ళకేమండీ, చదువుకున్నవాళ్ళు."