కాటమయ్య ఊదారంగు సంచి

తొంభై మూడులో ఒక బుధవారం పొద్దున బీరమ్మ అనుకున్నది చిన్న పనే. ఎనిమిది గంటల బస్సుకు భర్త కాటమయ్యను మోత్కూర్ నుంచి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి, మూత్రపు గొట్టం మార్పించి, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. మూడు వారాల కిందట ఆయనకు మూత్రం ఆగిపోతే డాక్టర్లు గొట్టం వేసి, దాని కొసకు ప్లాస్టిక్ సంచి తగిలించారు. అప్పటినుంచి ఆ సంచి మంచం పట్టెకు వేలాడుతోంది.

ఆయనను లేపుదామని వచ్చిన బీరమ్మ గడపలోనే ఆగిపోయింది. పెంకుల సందులోంచి దిగిన ఎండ ఆ సంచిలోంచి పోయి ఎదుటి గోడ మీద పడుతోంది. గోడ మీద అరచేయంత ఊదారంగు మరక. కాటమయ్య ఊపిరి తీసినప్పుడల్లా అది మెల్లగా కదులుతోంది.

"ఏమయ్యా, ఏమన్న తాగినవా?"

"నీళ్లు గూడ తాగలే. కడుపు రాయి లెక్కుంది," అంటూ ఆయన సంచి వైపు చూసుకున్నాడు. "బీరమ్మా, గిది నా లోపటినుంచే వచ్చిందా?"

ఆమె కేక విని మరిది లచ్చయ్య వచ్చాడు. "బాణామతి వదినా!" అని మూడడుగులు వెనక్కి వేశాడు. కాసేపటికి ఇల్లు నిండింది. ఆ మరక తమ మీద పడకుండా గోడలకు అంటుకుని నిలబడ్డారు.

పర్వతాలు అనే హైస్కూలు సైన్సు సారు జనం భయం పోగొడదామని ముందుకొచ్చాడు. "బాణామతి లేదు, ఏం లేదు. ఈ నడుమ ఏం మందు మింగిండు?"

"హకీం తాజుద్దీన్ సాబ్ ఇచ్చిన బంగారు కుష్తా. బంగారం కాల్చి నూరిండ్రంట," అంది బీరమ్మ.

సారు ముఖం వెలిగింది. "గదీ సంగతి! ముద్దగ ఉంటేనే బంగారం పచ్చగుంటది. కంటికి ఆననంత సన్నటి నలుసులైతే వెలుతురును వేరే తీరుగ పట్టుకుంటది. అప్పుడు ఎర్రగ, ఊదగ కనవడ్తది."

భయం పోయింది గానీ, దాని జాగాలో వచ్చినది చూసి బీరమ్మకు ఇంకా ఎక్కువ భయమేసింది. గోడలకు అంటుకున్నవాళ్లు చప్పుడు లేకుండా, ఒక్కో అడుగే మంచం వైపు జరిగారు. సంచిలోకి చుక్క పడినప్పుడల్లా తలలన్నీ దానితోపాటు కిందికి వంగుతున్నాయి. కాటమయ్య ముఖం వైపు ఎవరూ చూడటంలేదు.

"బస్సు టైమైంది," అంది బీరమ్మ.

"బస్సు కుదుపులకు సంచి పలుగుతే?" అని లచ్చయ్య దుప్పటి తెచ్చి సంచికి కప్పాడు. అన్న చలికి వణుకుతున్నాడు.

బంగారం పని చేసే ఔసలాయన వచ్చి సంచిని ఇత్తడి గిన్నెలోకి వంచాడు. గిన్నెలో పడింది మామూలు మూత్రమే. ఖాళీ సంచి మాత్రం ఊదాగానే మిగిలింది.

"బంగారమంత సంచికే పట్టింది," అని ఎవరో గుసగుసలాడారు.

అంతలో సంగతి తెలిసి హకీం పరిగెత్తుకొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "మాఫ్ చెయ్యి బహెన్. మనసుకు జర ధైర్యముంటదని బంగారమన్న. అది శొంఠి, బెల్లం. వేరే ఏం లేదు."

"గిట్ల చెప్పి నువ్వొక్కనివే కొట్టేద్దమనా?" అన్నాడు లచ్చయ్య. హకీం మొదటిసారి నిజం చెప్పాడు; ఊరు మొదటిసారి ఆయన్ని నమ్మలేదు.

బీరమ్మ భర్త నుదురు పట్టుకుంది. కాలిపోతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె గొట్టాన్ని సంచినుంచి ఊడదీసింది.

"సంచి మీరే ఉంచుకోండ్రి. మనిషిని నాకియ్యుండ్రి."

ఆ పంపకానికి అందరూ వెంటనే ఒప్పుకున్నారు. హకీం గొట్టం కొసకు కడిగిన మందుసీసా కట్టి, కిరాయి జీపు తెచ్చి, తానూ ఎక్కాడు.

దవాఖానలో డాక్టరు ఊదాగా మారిన గొట్టాన్ని చూసి కుర్చీలోంచి లేచాడు. "దొడ్డికి పోక ఎన్ని రోజులైంది?"

"ఎనిమిదొద్దులు సారూ."

"మలం నిలిచింది, మూత్రంల క్రిములు చేరినయి. రెండు కలిసి నీలిమందు లాంటి రంగు, దాంతోని ఎరుపు తయారై ఊదగైంది. అది ప్లాస్టిక్‌కు పట్టుకుంటది. పుస్తకంల చదివినగని, కండ్లార చూసుడు ఇదే మొదలు. రేపటిదాంక ఆగితే మనిషి దక్కకపోతుండె." ఆయన ఆశగా చుట్టూ చూశాడు. "ఆ సంచి ఏదమ్మా?"

సంచి అప్పటికి ఊళ్లో ఔసలాయన కుంపటిలో ఉంది. నల్లటి పొగ లేచి, ఆ కంపుకు వీధిలోవాళ్లంతా ఇళ్లు వదిలి బయటపడ్డారు. పొగ తగ్గాక లచ్చయ్య బంగారం కోసం కుంపటిని సాయంత్రందాకా కెలికాడు. మోచేతులదాకా మసి అంటింది.

ఎనీమా, సూదిమందులు, కొత్త గొట్టం, కొత్త సంచి. మూడోరోజుకు జ్వరం దిగి, కాటమయ్య గంజి అడిగి తాగాడు. కిటికీలోంచి వచ్చిన ఎండలో సంచి పసుపుపచ్చగా, అచ్చం మేలిమి బంగారంలా మెరిసింది.

చూడటానికి ఊరినుంచి ఒక్కరూ రాలేదు.