వరస మార్చిన కోటు

“ఆదివారంలోగా ఆ కోటు పట్టుకుని తాతని కనిపెట్టేస్తాను,” అన్నాడు సత్యారావు, టీ గ్లాసు కింద పెడుతూ.

మిక్సీ హోరులో భార్య రాజకుమారికి ‘కోర్టు’ అని వినిపించింది. “పిల్ల నిశ్చితార్థం పెట్టుకుని కోర్టేటండీ? పోయిన తాతమీద కేసా?”

“కోర్టు కాదే, కోటు!” అని గోడమీది ఫొటో చూపించాడు సత్యారావు. తను పుట్టకముందే పోయిన తాత అప్పలరాముడికి ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. దీవిలోని తమ ఊరు బాంబూఫ్లాట్ చెమ్మకి దానికి చెదలు పట్టాయి. చెదలకు మొహమాటం ఉండదు కదా, మొహమే తినేశాయి. మిగిలిందల్లా మెడ కింద రెండు వరసల గుండీల కోటు, దాని జేబుమీద ఓ అతుకు. తాతకే తల లేకపోతే, కూతురు గౌతమి నిశ్చితార్థంలో చౌల్దారీ ఊరి వియ్యాలవారి ముందు తను తలెలా ఎత్తుకోవాలి?

తాత పగలు పడవల పని చేసి, సాయంత్రాలు చర్చిలోని పెద్దల బడిలో అక్షరాలు దిద్దుకున్నాడని ఇంట్లో చెప్పుకునేవారు. సత్యారావు ఊళ్ళోని ఆ చర్చికెళ్ళి పాత ఫొటోల పెట్టె తెరిపించాడు. నిమిషంలో దొరికాడు తాత! ముందు వరస నడుమ, అదే కోటు, అదే అతుకు, పైన పులిలాంటి మీసం.

“వెనక పేర్లున్నాయి, చూసుకోండి,” అంది చర్చి బాగోగులు చూసే పద్మిని.

పేర్లు తెలుగులో ఉన్నాయి. సత్యారావు చదివింది హిందీలో. తెలుగు ఆయన నోటికి వచ్చినంతగా కంటికి రాదు. ఆ మాట ఒప్పుకోవడం నామోషీ. అందుకని కాసేపు గంభీరంగా పెదవులు కదిపి, “హాఁ, పక్కా! మా తాతే,” అనేశాడు. కోటి విద్యలూ కూటి కొరకంటారు. సత్యారావు దగ్గరున్న ఒక్క విద్యా ఆ వేళ కోటు కొరకే ఖర్చయిపోయింది.

ఆ మొహాన్ని ఆరడుగుల ఫ్లెక్సీగా వేయించి, చుట్టచుట్టి ఫెర్రీ ఎక్కించి, బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని చౌల్దారీ చేరాడు. పెళ్ళికొడుకు చక్రి తండ్రి గణపతి “రా బావా, రా” అంటూ ఎదురొచ్చాడు. అరుగుమీద ఫ్లెక్సీ పరిచారు. బియ్యం చెరుగుతున్న చక్రి నానమ్మ కాళమ్మ ఓ చూపు చూసి చేట వదిలేసింది.

“ఒలమ్మో! ఈయన మా మావ కదేటి!”

“మా తాత, అమ్మా,” అన్నాడు సత్యారావు.

“నాకు తెల్దేటి? పదేళ్ళు గంజి పోసినాను. ఆ మీసాల్లోంచి మెతుకులు ఏరినదాన్ని నాను!”

గణపతి వేళ్ళమీద లెక్క వేశాడు. తాత ఒక్కడే అయితే తనూ సత్యారావూ అన్నదమ్ములు. అంటే పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళు. ముందు వరసలో నిలబడ్డ పెద్దమనిషి వెనకొచ్చిన వాళ్ళందరి వరసా మార్చేశాడు.

“ఇంటిపేర్లు వేరు కదా!” అన్నాడు సత్యారావు బిక్కచచ్చిపోయి.

“ఓడ దిగిననాడు గుమాస్తా ఏటి రాస్తే అదే ఇంటిపేరు! అదో రుజువేటి?” అంది కాళమ్మ. ఆవిడ మంట వేరు. “బంగారంలాంటి మా అత్తని ఇక్కడెట్టి, బాంబూఫ్లాట్లో ఇంకో కాపరం ఎట్టేడా ముసిలోడు!” అని ఫ్లెక్సీని చేటతో నాలుగు బాదింది.

“ఇంకేటి సేస్తాం భయ్యా,” అని గణపతి నిట్టూర్చాడు. బావ కాస్తా భయ్యా అయ్యేసరికి చక్రి అరుగుమీద కూలబడి గౌతమికి ఫోన్ చేశాడు. “నువ్వు నాకు దీదీవి అంటన్నారు!”

“దీదీనా? నీకన్నా రెండేళ్ళు చిన్నదాన్ని! అందరినీ తీసుకుని చర్చికి రా,” అంది గౌతమి.

సాయంత్రానికి ఫ్లెక్సీతో సహా రెండు కుటుంబాలూ చర్చి వరండాలో తేలాయి. మామగారి మొహం చూడనని కాళమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. గౌతమి పెట్టె బోర్లించి, ఫొటోలన్నీ చాపమీద పేర్చింది. ప్రతి ఏడాది ఫొటోలోనూ అదే కోటు, కోటులో మాత్రం కొత్త మనిషి. ఒకడికి చేతులు మోచేతుల దాకానే ఉన్నాయి. ఇంకొకడు కోటులో మునిగిపోయి జుట్టు మాత్రం పైకి కనిపిస్తున్నాడు.

“పాపా, నీకు మొత్తం ఎంతమంది తాతలు?” అంది గౌతమి తండ్రితో.

పద్మిని నవ్వాపుకోలేకపోయింది. “అది బడి కోటండీ! ఆ రోజుల్లో ఎవరికుంది కోటు? ఆ ఏడు ఫస్టొచ్చినోడికి తొడిగి నడుమ నిలబెట్టేవారట, మా అత్త చెప్పేది. కోటు చూసి మనిషిని పోల్చుకోలేరనే వెనక పేర్లు రాయించారు. మీరు చదివారు కదా?”

సత్యారావు హార్బరు కేసి చూశాడు.

“చదివారా, లేదా?” అంది రాజకుమారి.

“తెలుగులో ఉన్నాయే,” అన్నాడు నేరం ఒప్పుకున్నట్టు.

పద్మిని ఫొటో తిప్పి బిగ్గరగా చదివింది. కోటులో ఉన్నది కాళమ్మ మామగారే, పేరు పక్కన చౌల్దారీ అని ఊరితో సహా. అప్పలరాముడు చివరి వరసలో చివరివాడు. చొక్కా లేదు, చెవులు రెండూ అచ్చం సత్యారావువి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. గౌతమి గబగబా మరుసటి ఏటి ఫొటో అందుకుంది. నడుమ కోటు తొడుక్కుని అప్పలరాముడే! ఫస్టొచ్చాడు కానీ కళ్ళు మళ్ళీ మూతే.

సత్యారావు ఆ ఫొటోని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. కాళమ్మ ఇటు తిరిగి, ఫ్లెక్సీ మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ, “తప్పయిపోనాది మావా,” అని లెంపలేసుకుంది. గణపతి ‘భయ్యా’ని మింగేసి, “వస్తాం బావా, ఆఖరి ఫెర్రీ ఎల్లిపోద్ది,” అన్నాడు.

ఆదివారం నిశ్చితార్థంలో ఆరడుగుల ఫ్లెక్సీ మగపెళ్ళివారి వైపు వెలిగిపోయింది. వచ్చినవాళ్ళంతా దానికి దండం పెట్టి, ఇవతలి చిన్న ఫ్రేములోని అప్పలరాముడికి నిద్రాభంగం కాకుండా మెల్లగా నడిచి భోజనాలకు వెళ్ళారు.