ముప్ఫై ఏడో పుట మీది కన్నీటి చుక్క

అసలును భద్రంగా దాచి, నకలును ధైర్యంగా చూపించగలిగిన నాడే ఒక సమాజం నాగరికత పూర్తయినట్టు లెక్క. ఆ లెక్కన మా ఊరు మిగతా ఇటలీ కంటే కనీసం యాభై ఏళ్ళు ముందుంది.

మోదెనా దగ్గర, కొండలు మొదలయ్యే చోట, మాది చిన్న ఊరు. ఊళ్ళో ఒక గ్రంథాలయం, అందులో ఒక నీలి పుస్తకం. ఆరు వందల ఏళ్ళ కిందట పేరు చెప్పుకోని కవి ఒకాయన కట్టిన ప్రేమ గీతాలను, పేరు చెప్పుకోని లేఖకుడు ఒకాయన తోలు పుటల మీద ఎక్కించాడు. ప్రతి గీతం మొదటి అక్షరంలోనూ బంగారు రేకు, నీలి రాతి పొడి అద్ది బొమ్మలు వేశాడు. దాన్ని చూడటానికి జనం దూరాల నుంచి వస్తారు. చూసి వెళ్ళినవాళ్ళు మాత్రం లేరు. గ్రంథాలయ నియమావళి నాలుగో నిబంధన ప్రకారం, సరైన నకలు ఉన్న ఏ గ్రంథాన్నీ బయటకు తీయరాదు. దీనికి నకలు ఉంది. అది ఎంత గొప్ప నకలంటే, దాన్ని కూడా గాజు పెట్టెలో పెట్టారు. ముందుగా అనుమతి తీసుకుని, తెల్లటి చేతితొడుగులు వేసుకుని, సిబ్బందిలో ఒకరు పుట తిప్పుతుంటే చూడవచ్చు. (అనుమతి దొరకనివారికి గోడ మీద తెర ఉంది. తెరను ముట్టుకోరాదు.)

నకలును మొత్తం ఆరు వందల ప్రతులుగా మా ఊరి కార్ఖానాలోనే తయారు చేశారు. ప్రతి ఒక్కదానితో పాటు నోటరీ ముద్ర వేసిన పత్రం ఒకటి వస్తుంది: “అసలుకూ దీనికీ ఏ తేడా లేదు” అని. (అసలుకు ఇలాంటి పత్రం ఏదీ లేదు.)

మా పై అంతస్తులో ఉండే నివెస్ పిన్ని ఆ కార్ఖానాలో మరకల విభాగంలో పనిచేసి రిటైరైంది. బంగారు రేకు అద్దినవాళ్ళ ఫోటోలు గ్రంథాలయం మెట్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. మరకలు వేసినవాళ్ళను ఎవరూ ఫోటో తీయలేదు. కానీ నిన్న మొన్న అచ్చయిన కాగితానికి ఆరు వందల ఏళ్ళు రావాలంటే మరకలే కావాలి. పురుగులు రెండు శతాబ్దాలు తీరిగ్గా తిన్న రంధ్రాలను పిన్ని సూదితో వారంలో తినేసేది. కొవ్వొత్తి మైనం, బొటనవేళ్ళ జిడ్డు, ఎలుక కొరికిన మూల, అన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. ఇదంతా ఫోటోలు చూసి చేసిన పని. అసలు పుస్తకాన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఫోటోలు తీసినాయన ఒక్కడే చూశాడని చెబుతారు, ఆయన కూడా కెమెరాలోంచే.

కిందటి ఏప్రిల్‌లో కంటి డాక్టరు ఆమెకు ఒక సంగతి చెప్పాడు. క్రిస్మస్ నాటికి చూపులో నడిమి భాగం పోతుంది, చుట్టూ అంచులు మాత్రం మిగులుతాయి.

“అంచులు నాకెందుకే? పుస్తకాల అంచులు చూస్తూనే ముసలిదాన్నయ్యాను,” అంది పిన్ని నాతో, మెట్ల మీద నిలబడి. “పిల్లా, చూపు పోయేలోగా ముప్ఫై ఏడో పుట ఒక్కసారి చూడాలి. అసలుది. తోడొస్తావా?”

ముప్ఫై ఏడో పుట అంటే మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. కిటికీలోంచి వంగి చూస్తున్న అమ్మాయి, కింద పాట పాడుతున్న కుర్రవాడు, వాడి పాటను పట్టించుకోని కుక్క. పక్కన అంచులో కన్నీటి చుక్క. రాస్తూ రాస్తూ లేఖకుడు కార్చిన కన్నీరది. దాని మీద ఒక ప్రొఫెసరు గారు నూట నలభై పేజీల పుస్తకం రాశారు. చుక్క వాలిన తీరును బట్టి లేఖకుడు ఎడమచేతివాటం మనిషి అనీ, పెళ్ళి కాలేదనీ తేల్చారు. కూడలిలో మిఠాయి కొట్టువాళ్ళు ఆ చుక్క ఆకారంలో చాక్లెట్లు చేస్తారు. (లోపల చెర్రీ ఉంటుంది. ఎందుకో అడగలేదు.)

మేం గ్రంథాలయానికి వెళ్ళి, యంత్రం దగ్గర చీటీ తీసుకుని, ముందు ఎవరూ లేకపోయినా నలభై నిమిషాలు కూర్చున్నాం. కౌంటర్‌లో ఉన్న ఫోస్కా మా ఫారం తిరగేసింది. పద్నాలుగు ప్రశ్నలు. పిన్ని చెబుతుంటే నేనే నింపాను.

“తొమ్మిదోది ఖాళీగా వదిలేశారేంటి?”

“ఏముంది అందులో?” అంది పిన్ని.

“నకలు తీర్చలేని మీ అవసరం ఏమిటి, అని.”

“చూడాలని.”

“చూడ్డానికైతే నకలుంది కదా పిన్నీ!”

“ఆ నకలు చేసింది నేనేనే తల్లీ.”

“మరింకేం? మీకంటే దగ్గర్నుంచి చూసినవాళ్ళెవరున్నారు చెప్పండి!” అని ఫోస్కా సంతోషంగా ముద్ర తీసింది. తిరస్కరణ ముద్ర ఎర్రగా, నిటారుగా పడింది. ఆ కార్యాలయంలో నేను చూసిన నిటారైన వస్తువు అదొక్కటే.

అప్పీలుకు వెళ్ళాం. అసలు గ్రంథాల రక్షణాధికారి డాక్టర్ గ్వాందలీని మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. (మా వైపు డిగ్రీ ఉన్న ప్రతివాడూ డాక్టరే. జ్వరం వస్తే మాత్రం ఒక్కడూ పనికిరాడు.)

“అమ్మగారూ, మీ చేతులకు దండం పెట్టాలి,” అన్నాడు. “మీ పని అంత నిర్దుష్టంగా ఉంది కాబట్టే మీకు అసలు చూపించలేకపోతున్నాం. పని కాస్త అధ్వానంగా చేసి ఉంటే ఈపాటికి చూసేవారు.”

“చెడగొట్టాల్సిందన్నమాట.”

“అలా అని కాదు. అసలుకూ నకలుకూ తేడా ఉందని నిరూపిస్తే ఆరో నిబంధన వర్తిస్తుంది. అప్పుడు తీయొచ్చు.”

“తేడా ఎలా నిరూపించాలి?”

“రెండూ పక్కపక్కన పెట్టి చూసి.”

“అసలు చూడాలిగా మరి?”

“దానికి తేడా నిరూపించాలి,” అని డాక్టర్ గ్వాందలీని ఎంతో మర్యాదగా చెప్పాడు. అందులో ఏదో లోటున్నట్టు ఆయన ముఖంలో ఎక్కడా కనపడలేదు.

పిన్ని కాఫీ కప్పు కింద పెట్టింది. “అయితే రాసుకోండి డాక్టరు గారూ. ముప్ఫై ఏడో పుట మీద ఉన్నది కన్నీరు కాదు, సూప్.”

“ఏమిటి?”

“కోడి సూప్. టోర్టెల్లినీ వేసుకుని తింటున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నమూనా కాగితం పక్కనే పెట్టుకుని తినకూడదు, తిన్నాను. చుక్క పడింది. మేస్త్రి లేయార్కో, పోయాడులెండి పాపం, వచ్చి కాగితం ఎత్తి చూసి, ‘నివెస్, ఈ చుక్క ఫోటోలో నాకే కనపళ్ళేదు, నీవి కళ్ళా ఇంకేమన్నానా! మిగతా అన్నింట్లోనూ వెయ్యి’ అన్నాడు. నోరు మూసుకుని ఐదు వందల తొంభై తొమ్మిది వేశాను. అక్రోటు తొక్కల రసం, రెండు పాళ్ళు నూనె. సూప్ చుక్కకు నకలు తీయడం ఎంత కష్టమో మీకు తెలీదు.”

డాక్టర్ గ్వాందలీని లేచి తలుపు మూశాడు. అప్పటికే మూసి ఉన్న కిటికీని కూడా ఇంకోసారి మూశాడు.

తర్వాత వచ్చింది ఆగస్టు. ఆగస్టులో మా దేశంలో కన్నీళ్ళు కూడా సెలవు తీసుకుంటాయి. సెప్టెంబరులో సంఘం వేశారు. పన్నెండు మంది సభ్యులు: తేమ చూసేవారు ఒకరు, వెలుతురు చూసేవారు ఒకరు, మిగతా పదకొండు మందినీ చూసేవారు ఒకరు. చుక్క మీద పుస్తకం రాసిన ప్రొఫెసరు గారు అధ్యక్షులు. అక్టోబరు ఆరున తలుపులు వేసుకుని అసలు పుస్తకాన్ని బయటకు తీశారు. పిన్నిని పిలవలేదు. ఆమె వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తి కాబట్టి పక్షపాతం ఉండవచ్చునట. ఆ వేళ ఆమె మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుంది, బంగారు రేకులవాళ్ళ ఫోటోల కింద. అప్పటికే నా ముఖం సరిగ్గా ఆనక, గొంతును బట్టి నవ్వుతోంది.

సంఘం నివేదిక నవంబరులో వచ్చింది. సారాంశం ఇది. ముప్ఫై ఏడో పుట మీద కన్నీటి చుక్క లేదు. అయితే, అసలుకూ నకలుకూ తేడా లేదని నోటరీ ఆరు వందల సార్లు ధ్రువీకరించి ఉన్నారు. ఆయన కాలం చేసినందున ఆ ధ్రువీకరణను వెనక్కి తీసుకునే అవకాశం లేదు. ఆరు వందల ప్రతులు ఇరవై మూడు దేశాల్లో ఉన్నాయి. అసలు ఒక్కటే, పైగా పక్క గదిలోనే ఉంది. కావున, లోపం అసలులో ఉన్నట్టు గుర్తించి, దాన్ని సవరించవలెను. చుక్క వేయుటకు అర్హత గల నిపుణురాలు దేశంలో ఒక్కరే ఉన్నందున, ఆమెను పిలిపించవలెను.

ఆ నివేదికను పిన్నికి చదివి వినిపించాను.

“వాళ్ళు నిజంగానే వేయమంటున్నారా?”

“సంతకాలు పన్నెండూ ఉన్నాయి పిన్నీ.”

“ఆరు వందల ఏళ్ళు శుభ్రంగా ఉంచుకున్నారే!” అంది. కుర్చీలోంచి లేస్తూ, “నా కుంచె ఎక్కడుందో చూడు,” అంది.

డిసెంబరు పదకొండున, ఉదయం పది గంటలకు, మమ్మల్ని లోపలికి పంపించారు. ఆమె చూపు మందగించింది కాబట్టి సహాయకురాలిగా నన్ను రానిచ్చారు. (చూపు మందగించిన మనిషి ఆ పుస్తకం మీద మరక వేయబోవడం గురించి పన్నెండు మందిలో ఎవరికీ సందేహం రాలేదు. అర్హత పత్రం ఉంది.) ఊపిరి తేమ పెరగకూడదని మిగతా అందరూ అద్దం అవతలే నిలబడ్డారు. బల్ల మీద, మెత్తటి దిండు మీద, ముప్ఫై ఏడో పుట తెరిచి ఉంది.

పిన్ని కుంచె బయట పెట్టింది. అక్రోటు రసం సీసా పక్కన పెట్టింది. మూత తీయలేదు. తల పక్కకు తిప్పి, చూపులో మిగిలిన అంచులతో పుటను వెతుక్కుంది. కోడి గింజను చూసే పద్ధతిలో, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి.

“నీలం మనం వేసినదానికంటే చిక్కగా ఉందే,” అంది. ఇంకాసేపటికి, “కుక్క నవ్వుతోంది. ఫోటోలో నోరు మూసుకునుంది,” అంది. ఆ తర్వాత, చుక్క ఉండాల్సిన చోటికి ఇంకా దగ్గరగా వంగింది. “పిల్లా, ఇక్కడేమన్నా గరుకుగా ఉందా చూడు.”

చూశాను. తోలు మీద సన్నగా కత్తితో గీకిన జాడ ఉంది. ఒక తప్పు అక్షరాన్ని గీకి, దాని మీద సరైనది రాశారు. కాస్త ఏటవాలుగా చూస్తేనే తెలుస్తుంది. ఏ ఫోటోకూ అందదు. చెప్పాను.

పిన్ని ముఖం విప్పారింది. “వీడూ చేశాడన్నమాట! తప్పు చేసి, నోరు మూసుకుని, పని కానిచ్చాడు దొంగ వెధవ!” అని, ఆ మాట ఎంతో ముద్దుగా అంది. వెంటనే గొంతు తగ్గించింది. “వాళ్ళతో అనకు. తెలిస్తే దీన్ని కూడా సరిచేసి పెడతారు.”

అలా నలభై నిమిషాలు కూర్చుంది. ఆ తర్వాత మూత తీయని సీసాను, తడవని కుంచెను జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. పుస్తకం మూసింది.

“అయిపోయింది డాక్టరు గారూ!” అని కేకేసింది.

ఇక తనిఖీ. చికిత్స జరిగిన గ్రంథాన్ని పన్నెండేళ్ళ పాటు తెరవరాదు, తడి ఆరాలి. కనుక నిబంధనల ప్రకారం తనిఖీని నకలు మీద జరిపారు. డాక్టర్ గ్వాందలీని భూతద్దం పెట్టి ముప్ఫై ఏడో పుటను చూశాడు. చుక్క ఉంది. వాలిన తీరు, ఎడమచేతివాటం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రొఫెసరు గారు కళ్ళు తుడుచుకున్నారు. అసలుకు కూడా పత్రం ఇచ్చారు: “దీనికీ నకలుకూ ఏ తేడా లేదు. ప్రతి సంఖ్య: ఆరు వందల ఒకటి.”

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజున గ్రంథాలయం నుంచి పిన్నికి ఒక కవరు వచ్చింది. పిన్ని వంటింట్లో పిండి రేకుల్లో మాంసం కూరి టోర్టెల్లినీ మడుస్తోంది. ఆ పనికి కళ్ళక్కర్లేదు, వేళ్ళు చాలు. నేను కవరు చించి చదివాను. ఆమె ఏప్రిల్‌లో పెట్టుకున్న దరఖాస్తుపై తుది నిర్ణయమట. అసలుకూ నకలుకూ ఎటువంటి తేడా లేకుండా దరఖాస్తుదారే ఇటీవల స్వయంగా సరిచేసి ఉన్నందున, ఆమె అసలును చూడవలసిన అవసరం కనబడుటలేదు.

“సంతకం ఉందా?” అంది పిన్ని, మడత నొక్కుతూ.

“డాక్టర్ గ్వాందలీనిది.”

“చేత్తో పెట్టిందేనా?”

“కాదు పిన్నీ. రబ్బరు ముద్ర.”

“అయితే నమ్మొచ్చులే,” అంది.