సీసధూళి సమరము: కజిమిర్ కిటికీ గట్టును గెలిచిన విధము

డెలావేర్ నదీ శీతల పవన కంపిత మేపుల్ పర్ణ సంకులమైన ట్రెంటన్ నగరమున, అక్టోబరు మాసమున, చెత్తబండి వచ్చిపోయిన శుభముహూర్తమున జరిగిన ఘోరసమరమును వినుడు! సమరభూమి ఒక కిటికీ గట్టు. వెడల్పు జానెడు. ఇంత చిన్న గట్టుకు అంత పెద్ద సమాసమేల అందురా? మొదలుపెట్టిన సమాసమును నడుమ ఆపుట నాకు చేతకాదు.

ఆ గట్టుకు అధిపతి, జీవితమెల్ల సిటీ బస్సు నడిపి రిటైరైన మహారథి, కజిమిర్ డ్యూడెక్. కింది వాటాలో అతడును భార్య బ్రోన్యాయు. ఆ గట్టున్న పై వాటాలో అద్దెకు యెసేనియాయు, ఆమె పసిబిడ్డ నయేలియు. పాత యిండ్ల రంగులో పసిబిడ్డలకు విషమగు సీసముండును గనుక, అద్దెకిచ్చు ఇల్లు పురపాలకుల పరీక్షకు నిలువవలెను. ఇన్‌స్పెక్టరు తడిగుడ్డతో గట్టు తుడిచి ల్యాబుకు పంపును. ధూళిలో సీసము హద్దు మీరినచో ఇల్లు తప్పినట్లే.

మొదటిమారు తప్పెను. ఆ వీధి పోలిష్ ఇండ్లలో అతిథి వచ్చుచున్నాడనిన చెక్కనెల్ల గీకి నునుపు చేయుట తాతలనాటి మర్యాద. ఇన్‌స్పెక్టరును సైతము అతిథిగా తలచి, మన వీరుడు ఆ ఉదయమే గరుకు కాగితముతో గట్టును గీకి, అడుగున హాయిగా నిద్రించుచున్న సీసమును తట్టిలేపి, గదియెల్ల చల్లెను.

యెసేనియా తలుపు వద్ద అట్టపెట్టెలు పేర్చెను.

“కజిమిర్ గారూ, మీరు మంచోరే, కాదనను. కానీ పాప ఆ గట్టు పట్టుకునే నిలబడుద్ది, అవే చేతులు నోట్లో పెట్టుకుంటది. ఈసారి కూడా తప్పితే మా అక్క దగ్గరికి పోతాను.”

నయేలి అతనిని ‘జాజా’ అనును. తాతయని బ్రోన్యా నేర్పిన పిలుపది. మనుమలు లేని కజిమిర్‌కు ఆ పిలుపు పోవుననగా గుండె జారెను. వెంటనే లైసెన్సు గల పెయింటరును పిలిపించి, పాత పొర ఊడకుండ కొత్తరంగు వేయించెను.

మలి పరీక్షనాటి ఉదయమున, బకెట్లను రథచక్రములవలె దొర్లించుకొనుచు, సబ్బునీటి గుడ్డను గదవలె త్రిప్పుచు, ఆ మహారథి గట్టును తుడిచెను, మరల తుడిచెను. అంతలో కొత్తరంగున జారి గట్టిపడిన బొట్టొకటి కనబడెను. ఆవగింజంత! పరీక్షకు దానితో పనిలేదు. కాని కజిమిర్ పరువు అక్కడనే ఉండెను. చేయి జేబులోనికి పోయెను.

“ఏమయ్యా, జేబులో ఏంటది?” వాకిట బ్రోన్యా.

“ఏం లేదు.”

“ఏం లేనిదే అంత గరగరలాడుద్దా?”

“ఒక్కసారి అలా రుద్దానంటే నున్నగా అయిపోద్ది!”

“అయిపోద్ది. కింద పాత రంగు లేచుద్ది. ఆ పిల్ల కూడా లేచిపోద్ది, వాళ్ళ పెద్దమ్మింటికి.”

వీరుడు గరుకు కాగితమును చూచెను. బొట్టును చూచెను. పిదప ఆకాశమంత నిట్టూర్పు విడిచి, “ఒసే బొట్టూ, నా జన్మలో ఎవరికీ తలవంచలేదే! నీకు వంచుతున్నా. బతికిపో!” యని గర్జించి, కాగితమును బ్రోన్యా చేతిలో పెట్టెను. ఇంతకన్న గొప్ప పోరాటము వర్ణించవలెనని నాకును కోరిక కలదు, జరిగినది ఇంతే.

ఇన్‌స్పెక్టరు విట్లాక్ వచ్చి గట్టు తుడిచి, బొట్టుపై వేలు పెట్టెను.

“పెయింటరు సరిగా చూసుకోలేదే.”

“అది అలా ఉండాల్సిందేనండీ,” అని కజిమిర్ పండ్లు కొరుకుచు పలికెను.

కొన్నాళ్ళకు ల్యాబు నుండి జవాబు వచ్చెను: ఇల్లు నెగ్గెను. యెసేనియా పెట్టెలు విప్పెను. నయేలి గట్టు పట్టుకొని నిలిచి, వేలితో బొట్టును తడిమి, “జాజా!” యని నవ్వెను. వీరుని కన్నులు చెమర్చెను. సబ్బునీరు పడినదని బుకాయించెను.

జయ జయ! ఆవగింజంత రంగుబొట్టును ముట్టకుండుట చేత ముల్లోకములను గెలిచిన కజిమిర్ డ్యూడెక్‌కు జయము! నేటికిని గట్టు తుడుచునపుడెల్ల అతడు బొట్టు వద్ద కన్నులు మూసికొనును.