ఉలవలు తొక్కిన విమానం

యలహంక దాటి దొడ్డబళ్ళాపురం పోయే దారిలో, విమానం నడపడం నేర్పే చిన్న బడి ఒకటుంది. ఉన్నది ఒకే విమానం, రెండు సీట్లది. రన్‌వేకి తారు లేదు. ఎర్రమట్టిని రోలరుతో తొక్కించి కళ్లంలా గట్టి చేశారు. దాని కాపలాదారు పిల్లప్ప. రెండేళ్లుగా టెంపరరీయే. ఇవాళ ఓనరమ్మ శశికళ వచ్చి రన్‌వే చూస్తుంది. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకుంటే కాపురముంటున్న రేకుల గది ఖాళీ. అందుకే పొద్దున్నే నీళ్లు చల్లి దుమ్ము అణచాలనుకున్నాడు.

బయటికొచ్చి చూస్తే రన్‌వే నడుమ ఉలవకట్టె పరిచి ఉంది. భార్య రామక్క ఇంకో మోపు విప్పుతోంది.

"ఏం జేస్తాండావే?"

"రోడ్డు మీద ఏస్తే బస్సులు తొక్కి గింజ రాల్చేవి. ఇప్పుడు పోలీసోళ్లు ఒప్పుకోరంట. నీ ఇమానం దినామూ ఇట్ల పోయి అట్ల వస్తా ఉండాది కదప్పా! రెండు తూర్లు ఉలవల మీద పోతే దాని సొమ్మేం పోతాది?"

ఎత్తేద్దామని వంగేలోపు కారొచ్చింది.

"ఏంటి పిల్లప్పా అది?" అంది శశికళ.

పిల్లప్ప వంగినవాడల్లా నిలబడ్డాడు. "దుమ్ము లేయకుండా, మేడం."

"సూపర్ ఐడియా! మధ్యలోనే ఎందుకు? చివరిదాకా పరిపించు, ఫోటోలు తీస్తా."

అబద్ధానికి తిట్లు పడితే అక్కడితో సరి. మెచ్చుకోలు దొరికిందా, దాన్ని మోయాలి. ఉన్న మోపులు చాలలేదు. రామక్క గట్టెక్కి కేకేసింది. విమానం ఊరికే తొక్కిపెడుతుందని తెలిసి పక్క చేల ఆడవాళ్లు నెత్తిన మోపులతో వరస కట్టారు.

పైలట్ దేవరాజ్ వచ్చి తల పట్టుకున్నాడు. "మేడం, దీని మీద చక్రాలు ఆడవు."

"మట్టి సంగతి నీకన్నా వాళ్లకి తెలుసు. ఎక్కు."

విమానం కదిలింది. సగం దూరంలో ఉలవతీగలు చక్రాలకి చుట్టుకున్నాయి. లేవాల్సిన చోట లేవలేదు. గానుగెద్దులా అర చుట్టు తిరిగి, పక్కనున్న మోపుల కుప్పలో ముక్కు పెట్టింది. ముందు తిరిగే ఫ్యాను రెక్క వంకర పోయింది. దేవరాజ్ మీసాల నిండా పొట్టుతో, గీతైనా పడకుండా దిగాడు. పిల్లప్ప మనసులో అప్పుడే చాపా బొంతా చుట్టేసుకున్నాడు.

"రిపోర్టు రాయాలి," అన్నాడు దేవరాజ్. "పరిచిందెవరు?"

"నేనే సార్. ఆమెకేం తెలీదు."

"అబద్ధమప్పా! నడుమ ముక్క నేనే పరిచినా. ఆయనకేం తెలీదు."

"మీది మధ్యలో ముక్కే," అన్నాడు దేవరాజ్. "చివరిదాకా పరవమన్నదెవరు?"

మోపులు తెచ్చిన ఆడవాళ్లంతా ఒక్కసారిగా శశికళ వైపు చూశారు. ఆమె ఫోను సంచిలో పెట్టేసుకుంది. "నేనే. రాసుకో," అంది. తర్వాత పిల్లప్ప వైపు తిరిగింది. "తప్పని తెలిసీ నాకు ఎందుకు చెప్పలేదయ్యా?"

"టెంపరరీవాడు వద్దని ఎట్ల చెప్తాడు మేడం?"

"పర్మనెంటు చేస్తే చెప్తావా?"

"మొదటి దినమే చెప్తాను."

శశికళ పర్మనెంటు కాయితాన్ని అక్కడే, విమానం తోక మీద పెట్టి సంతకం చేసింది.

విమానం బాగుపడడానికి రెండు నెలలు పట్టింది. ఉలవలు మాత్రం ఒక్క తొక్కుడుకే రాలాయి.